ఏడు చేపల కథలో సోమరి ఎవరు? పిల్లలకు ఏ నీతి చెప్పాలి?

మధురవాడ_టీచర్
అందరికీ నమస్కారం. రెండు, మూడు తరగతుల కథల పీరియడ్‌కి ఈ నెల అంశం "కష్టపడటం, సోమరితనం". ఏటా చెప్పే చీమ–మిడత కథ పక్కనపెట్టి ఏడు చేపల కథ తీసుకోవాలని ఉంది. పిల్లలు 30 మంది, సమయం 40 నిమిషాలు. వీళ్లలో చాలామంది మంగమారిపేట, భీమిలి వైపు వేట కుటుంబాల పిల్లలు, కాబట్టి చేపలు ఎండబెట్టడం వాళ్లకు కొత్త కాదు.

నా సందేహం ఒక్కటే. చేప ఎండలేదు, ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు. కథ నిండా జరగని పనులే. కానీ ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్తే ఎవరిలోనూ బద్ధకం కనబడదు. చివర్లో చీమ "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా" అనగానే పిల్లలు నవ్వేస్తారు, కథ అయిపోతుంది. దీనికి నీతి ఏమని చెప్పాలి? అసలు ఈ అంశానికి ఈ కథ సరిపోతుందా?

కథల_కావడి
సరిపోతుంది టీచర్ గారూ, చీమ–మిడత కన్నా బాగా సరిపోతుంది. ముందు వరస ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా చెబుతారు. ఎక్కువగా వినబడేది ఇది: చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు (కొందరు గొల్లవాడు అంటారు), అవ్వ, పిల్లాడు, చీమ. మొత్తం ఏడు పాత్రలు, ఏడు ప్రశ్నలు. చేపలూ ఏడే, రాజుగారి కొడుకులూ ఏడుగురే. ఈ ఏడు లెక్క పిల్లలకు పట్టుకొయ్య లాంటిది, దాన్ని పాడుచెయ్యకండి. కొత్త పాత్రలు చేర్చితే మధ్యలో తడబడతారు.

ఇక సోమరి ఎవరంటారా, నా మటుకు రాజుగారి ఏడుగురు కొడుకులే. వేటకెళ్లారు, తెచ్చారు, ఎండబెట్టారు. అంతవరకు కష్టపడ్డారు. ఆ తర్వాత ఎవరూ మధ్యాహ్నం వెళ్లి చూడలేదు. చేప మీద గడ్డిమోపు నీడ పడుతోందని సాయంత్రం దాకా తెలియలేదు. తెలిశాక అయినా మోపు పక్కకి జరిపారా? లేదు. "గడ్డిమోపా గడ్డిమోపా ఎందుకు అడ్డం వచ్చావు" అని నిలబడి అడిగారు. ప్రశ్న అడగడానికి తిరిగిన దూరంలో పదో వంతు కూడా అక్కర్లేదు, ఆ మోపు జరపడానికి. పిల్లల చేత ఈ మాట అనిపించగలిగితే మీ పీరియడ్ నెగ్గినట్టే. మీరు మాత్రం అనకండి.

రేవుగట్టు
కథల కావడి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చేపలెండబెట్టడం అంటే పరిచీసి ఇంటికొచ్చీడం కాదండి. ఆ పని ఏటో టీచరమ్మకి తెలిస్తే కథ ఇంకా బాగా చెప్తారు.

పచ్చిచేపలో నాలుగింట మూడొంతులు నీరే ఉంటాది, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. ఉప్పు వెయ్యకుండా ఎండబెడితే ఆ నీరు 15 శాతం దగ్గరికి దిగాలి, లేకపోతే బూజు పట్టేస్తాది. నెత్తళ్లు, చిన్న కవళ్లు లాంటివి ఉప్పు లేకుండానే ఎండుతాయి, సన్నగా ఉంటాయి కాబట్టి. కోనాం, పెద్ద సావడాలు లాంటివైతే పొట్ట తీసి, వీపు వెంట చీల్చి, 3–4 కిలోల చేపకి కిలో ఉప్పు లెక్కన పట్టించి, ఆ ఉప్పునీరు కారిపోయిన తర్వాతే ఎండకి వెయ్యాలి.

ఏడో చేప ఎందుకు ఎండదంటే కారణాలు చాలా ఉన్నాయి:

నీడ పడడం ఒకటి. నీడ కన్నా పెద్దది గాలి ఆగిపోవడం. మోపు అడ్డముంటే ఎండా పోతాది, గాలీ పోతాది. ఆ తడి చేప మీద ఈగ వాలి గుడ్లు పెడతాది, ఒక్క రోజులో పురుగు.

తిరగెయ్యకపోవడం. ఇసక మీద పరిస్తే అడుగు పక్క తడిగానే ఉంటాది. రెండు మూడు గంటలకోసారి తిప్పాలి. అందుకే నేల మీద కాకుండా కర్రల మీద వల పరిచి ఎత్తులో ఎండబెట్టమంటారు. కింద నుంచి కూడా గాలి ఆడతాది, ఇసక అంటదు.

మరీ తీవ్రమైన ఎండ. ఇది చాలామందికి తెలీదు. లావు చేప మొదటి రోజే మండుటెండలో పెడితే పైతోలు గట్టిపడిపోయి మూత వేసినట్టవుతాది. చేతితో తడిమితే ఎండీసిందనే అనిపిస్తాది, లోపల పచ్చి. మూటకట్టీసిన వారానికి వాసన.

ఉప్పుచేపకి మరొకటుంది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పే గాల్లోంచి నీరు లాక్కుంటాది. మన విశాఖ గాలి సంగతి చెప్పక్కర్లేదు కదా. వానాకాలంలో ఎంత మంచి ఎండ కాసినా సాయంత్రం తీసి లోపల పెట్టకపోతే పొద్దున్న ఎండింది రాత్రికి మళ్లీ చెమ్మగిలిపోతాది.

కాబట్టి కష్టపడ్డం అంటే వేటొకటే కాదు. ఆఖరి మూట కట్టేదాకా కావలి కాయడం.

గాజువాక_క్వాలిటీ
కథల కావడి గారితో నాకు చిన్న విభేదం. మోపు జరిపితే చేప ఎండుతుంది, నిజమే. కానీ గడ్డి మిగిలే ఉంది, ఆవు ఆకలితోనే ఉంది, పాలేరు అన్నం తినలేదు, పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. రేపు అదే మోపు ఇంకో చేప మీద నీడ వేస్తుంది. రాజకుమారులు అడుగుతూ వెళ్లడం సోమరితనం కాదు, అదీ ఒక పనే.

కర్మాగారాల్లో ఏదైనా యంత్రం ఆగితే "ఎందుకు" అని వరసగా ఐదుసార్లు అడగమంటారు. టయోటాలో తయిచి ఓనో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆయన ఇచ్చే ఉదాహరణ: యంత్రం ఎందుకు ఆగింది? ఫ్యూజు పోయింది. ఎందుకు పోయింది? బేరింగుకి నూనె చాలక భారం ఎక్కువైంది. నూనె ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు తోడటం లేదు? దాని ఇరుసు అరిగింది. ఎందుకు అరిగింది? వడపోత జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే మళ్లీ ఆగుతుంది. జల్లెడ పెడితే ఆగదు. ఏడు చేపల కథ నడక సరిగ్గా ఇదే.

అయితే ఈ పద్ధతిలో జరిగే తప్పులు రెండు, రెండూ ఈ కథలో కనబడతాయి.

మొదటిది, చివరి కారణం దొరకగానే ఊరుకోవడం. చీమ కుట్టిందని తెలిసింది. ఆ తర్వాత? కథలో ఎవరూ వెనక్కి వచ్చి ఏ పనీ చెయ్యరు. కారణం కనిపెట్టాక అదే దారిలో తిరిగి వచ్చి ఒక్కో పనీ కదిలించాలి: పిల్లాణ్ణి ఊరుకోబెట్టాలి, అవ్వ అన్నం పెట్టాలి, పాలేరు ఆవును విప్పాలి, ఆవు గడ్డి మేయాలి.

రెండోది, మన చేతిలో లేని కారణం దగ్గర ఆగడం. చీమ కుట్టడం చీమ స్వభావం, దాన్ని మార్చలేం. మార్చగలిగింది ఎక్కడుంది? పాలేరు అన్నం ఒక్క అవ్వ చేతి మీదే ఆధారపడి ఉంది. ఆమెకు ఏ అడ్డం వచ్చినా పశువు పస్తే. పొద్దున్నే చద్దన్నం కట్టి ఉంచితే పిల్లాడు ఏడ్చినా ఆవు మేసేది. నా దృష్టిలో ఈ గొలుసులో తెగే కడియం అదే.

మధురవాడ_టీచర్
రెండు వాదాలూ బాగున్నాయి. పిల్లలను రెండు జట్లు చేసి ఇదే వాదన పెట్టవచ్చనిపిస్తోంది. ఒక భయం ఉంది. పిల్లలు చివరికి చీమను గాని, వేలు పెట్టిన పిల్లాణ్ణి గాని దోషిని చేసేస్తారు. చీమ గురించి తెలిసినవారు చెప్పండి.

కీటకాల_బడి
చీమను దోషిని చెయ్యకుండా ఉండాలంటే చీమ అప్పుడు ఏ పనిలో ఉందో చెప్పండి. గూడు ద్వారం దగ్గర తిరిగే చీమలు సాధారణంగా వయసు మీరిన కూలి చీమలు. చిన్నవి లోపల గుడ్లు, పిల్లలు చూసుకుంటాయి, పెద్దయ్యాక బయటి పనికి వస్తాయి. వేలు తగలగానే ఒక చీమ విడుదల చేసే రసాయనం వాసనకు మిగతావి కూడా వస్తాయి. కూలి చీమలన్నీ ఆడవే అన్నది కూడా చెప్పండి, ఆడపిల్లలకు నచ్చే విషయం.

ఏ చీమ అన్నది కూడా తేడానే. ఎర్రచీమకు వెనక ముల్లు ఉంటుంది, దానితో విషం ఎక్కిస్తుంది, పొక్కు వస్తుంది. గండుచీమకు ముల్లు లేదు, కొరికి ఆ గాయం మీద ఆమ్లం చిమ్ముతుంది. చీమ కుడితే సబ్బునీళ్లతో కడిగి చల్లని తడిగుడ్డ వెయ్యాలి, గోకనివ్వకూడదు. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. పిల్లలకు కథతో పాటు ఇది కూడా చెప్పండి. మరో సంగతి, పెద్ద మట్టిపుట్టలు కట్టేవి చీమలు కావు, చెదపురుగులు. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవైనట్టు అని మనవాళ్లు అంటారు గాని ఆ కష్టం చెదలది.

ఇక చీమంటే క్షణం ఆగని జీవి అన్న నమ్మకం. గూడు లోపల చూస్తే అలా ఉండదు. అమెరికాలో రాతి సందుల్లో ఉండే ఒక చిన్న చీమజాతిని గమనిస్తే గూట్లో చాలా చీమలు ఎక్కువసేపు ఊరికే ఉన్నాయి. 2017లో అచ్చయిన ప్రయోగంలో బాగా పనిచేసే 20 శాతం చీమలను తీసేశారు. వారం తిరిగేలోగా అంతవరకు ఊరికే ఉన్నవి వాటి పనుల్లోకి వచ్చాయి. ఊరికే ఉన్నవాటిని తీసేస్తే మాత్రం వాటి చోటు ఎవరూ భర్తీ చెయ్యలేదు. అంటే అవి అక్కరకు దాచిన చేతులు. నిప్పుచీమల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో 30 శాతం చీమలే 70 శాతం తవ్వకం చేశాయి. అన్నీ ఒకేసారి సొరంగంలో దూరితే దారి మూసుకుపోతుంది. కొన్ని పక్కకు తప్పుకోవడం వల్లే పని వేగంగా సాగింది.

పాతకథలు
చీమ–మిడత కథను పూర్తిగా వదిలెయ్యకండి టీచర్ గారూ. ఈసపు పేరుతో చలామణి అయ్యే కథల్లోనే చీమ గురించి పరస్పర విరుద్ధమైన నీతులున్నాయి. పండితులు వాడే పెర్రీ జాబితాలో 373వ కథ మనకు తెలిసినది: చలికాలంలో ఆకలితో వచ్చినవాణ్ణి చీమలు "వేసవిలో పాడావుగా, ఇప్పుడు ఆడు" అని పొమ్మంటాయి. 166వ కథలో చీమ ఒకప్పుడు రైతు. తన పంట చాలక పొరుగువాళ్ల పంట దొంగిలిస్తుంటే జ్యూస్ దేవుడు చీమగా మార్చాడు. రూపం మారినా బుద్ధి మారలేదు, ఇప్పటికీ పరుల పొలంలో గింజలు ఏరుకుంటోంది. ఒకే జీవి, ఒక కథలో ఆదర్శం, మరో కథలో దొంగ.

ఇంకొక సంగతి. గ్రీకు కథలోనూ, 1668లో లా ఫొంతేన్ ఫ్రెంచిలో రాసినదానిలోనూ ఉన్నది మిడత కాదు, చెట్టు మీద కూసే సికాడా. అది చెట్టు రసం తాగి బతుకుతుంది, గింజ తినలేదు, అప్పు అడగాల్సిన అవసరమే లేదు. ఫ్రెంచి కీటక పరిశీలకుడు ఫాబ్ర్ దీన్ని కళ్లారా చూసి రాశాడు: సికాడా బెరడుకు చిల్లు పెడితే ఊరే రసం కోసం చీమలే ఎగబడతాయి. అంటే అడుక్కునేది తారుమారు.

అయినా చీమ గింజ దాచడం కట్టుకథ కాదు. అన్ని చీమలూ దాచవు, కొన్ని జాతులే దాస్తాయి. 19వ శతాబ్ది మొదటి సగంలో పుణెలో సైక్స్ అనే సైనికాధికారి, వానకు తడిసిన గడ్డిగింజలను చీమలు బయటికి మోసి ఎండబెట్టడం గమనించి రాశాడు. చేపలెండబెట్టే ఇళ్ల పిల్లలకు ఇంతకన్నా దగ్గర విషయం ఏముంటుంది?

సీతమ్మధార_విశ్రాంతి
అందరూ పండితులే, అన్నీ నిజాలే. కానీ ఏడేళ్ల పిల్లకు ఒక మాట సూటిగా చెప్పడం తప్పు కాదు. "నీ పని నువ్వు చెయ్యకపోతే ఇంకొకరి పని ఆగుతుంది." ఏడు చేపల కథలో ఇంత స్పష్టంగా ఉన్న సంగతిని చర్చల్లో పలచన చెయ్యకండి. చీమ–మిడత కథలో సోమరి తన సోమరితనానికి తనే ఆకలి పడతాడు. ఇక్కడ అలా కాదు, ఒకరి దగ్గర ఆగిన పనికి ఆవు పస్తుంటుంది. ఆవు ఏం తప్పు చేసింది? ఈ ప్రశ్న పిల్లల మనసుకు పడుతుంది. పైగా, చలికాలమూ మంచూ ఎరగని విశాఖ పిల్లలకు మిడత ఆకలి దూరం. కట్టేసిన ఆవు ఆకలి దగ్గర.

కథల_కావడి
పెద్దలు చెప్పింది ఒప్పుకుంటాను. ఆవు ప్రశ్న అడగాల్సిందే. అది పిల్లల ముందు పెట్టి జవాబు కోసం ఆగాలన్నదే నా కోరిక.

రేవుగట్టు
మనకి చలికాలం లేకపోయినా కరువు నెలలున్నాయండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. రేవులో పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. కొత్తగా చూసినోళ్లు ఖాళీగా కూచున్నారనుకుంటారు. ఆ రెండు నెల్లలోనే వల ముడులు వేస్తారు, పడవ అడుగు గీకి రంగేస్తారు, ఇంజను విప్పి బాగుచేస్తారు. ఇంటి తిండికి ముందు నెల్లలో ఎండబెట్టి దాచిందే ఆధారం.

ఇక్కడ చీమ–మిడత నీతి తిరగబడతాది చూడండి. ఆ 61 రోజుల్లో కూడా వేటకెళ్లినోడు కష్టజీవి అనుకోకూడదు, రేపటి చేపని ఇవాళే తినేస్తున్నాడు. ఆగాల్సినప్పుడు ఆగడం కూడా దాచడమే. మా వైపు గుంటలకి ఇది చెప్తే చటుక్కున అర్థమవుతాది, ఇంట్లో చూస్తుంటారు కదా.

కీటకాల_బడి
మిడత విషయంలోనూ ఇలాగే ఉంది. చాలా మిడత జాతుల్లో పెద్ద మిడతలు కాలం మారేలోగా చచ్చిపోతాయి. కానీ ఆడమిడత పొట్ట చివర నేలలోకి దింపి, నురుగుతో కప్పిన గుడ్ల పొత్తి పెట్టి వెళ్తుంది. ఎండాకాలమంతా అది మట్టిలో ఉండి వానలు పడ్డాక పిల్లలవుతుంది. కథలో ఏమీ దాచలేదని తిట్టిన మిడత దాచింది అది.

కథల_కావడి
సరే, 40 నిమిషాల పథకం ఇలా అనుకోండి.

మొదటి 10 నిమిషాలు కథ, పుస్తకం చూడకుండా. ప్రశ్న ప్రతిసారీ ఒకే రాగంలో రావాలి, మూడో ప్రశ్న నుంచి పిల్లలే అందుకుంటారు. చీమ మాట తర్వాత మీరేమీ అనకుండా కొంచెంసేపు ఆగండి.

తర్వాత 15 నిమిషాలు గొలుసు. ఏడుగురు పిల్లలు వరసగా నిలబడి ఒక పొడవాటి తాడు పట్టుకోవాలి. "నువ్వు ఏం చేసి ఉంటే చేప ఎండేది?" అని చీమ వైపు నుంచి అడుగుతూ రండి. జవాబు చెప్పినవాళ్లు తాడు ఒకసారి లాగుతారు, పక్కవాళ్లకు తెలుస్తుంది. మిగతా 23 మందిలో ఏడుగురిని రాజకుమారులుగా విడిగా నిలబెట్టండి. వాళ్లను ఆఖర్న అడగాలి. ముందే అడిగితే మొత్తం నేరం వాళ్ల మీద పడిపోయి ఆట ఆగిపోతుంది.

మిగిలిన 15 నిమిషాలు వాదన: మోపు జరపాలా, అన్నం పెట్టాలా? ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. టీచర్ ఒక జట్టు వైపు తల ఊపితే చాలు, రెండో జట్టు నోరు మూసుకుంటుంది.

మధురవాడ_టీచర్
చాలా ఉపయోగపడింది. ఒక్కటి మిగిలింది. బడి డాబా మీద నిజంగా ఎండబెట్టి చూపిస్తే? రేవుగట్టు బాబూ, ఏ చేప, ఎంత?

రేవుగట్టు
నెత్తళ్లు తీసుకోండమ్మా. 350 గ్రాములు చాలు, 50 గ్రాముల చొప్పున ఏడు భాగాలు. ఆ పొద్దున్న దిగినవే కావాలి. మంచినీళ్లలో కడిగి, నీరు ఓడ్చి, గుడ్డతో అద్ది, ఏడు వెదురు చాటల్లో ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. ఆరు చాటలు ఎండకి, ఏడోదానికి దక్షిణం, పడమర పక్కల గడ్డి మోపు నిలబెట్టండి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నీడ పడాలి. మీద పాత దోమతెర కప్పితే ఈగ, కాకి రావు. చాటలు ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి.

వంటింటి డిజిటల్ త్రాసుతో పొద్దున్న 9కి, మధ్యాహ్నం 12కి, 3కి తూచి పలక మీద రాయించండి. తూచినప్పుడల్లా తిరగెయ్యాలి. బాగా ఎండిన 50 గ్రాములు 15 గ్రాముల దగ్గరికి వస్తాది, కానీ ఒక్క రోజులో రాదు, రెండు మూడు రోజులు పడతాది. సాయంత్రం లోపల పెట్టడం మర్చిపోకండి. మబ్బు రోజైతే మొదలెట్టకండి.

కానాగంతలు తేవద్దు. అవి ఎండడం ఆలస్యమైతే లోపల తయారయ్యే విషం తర్వాత ఎండబెట్టినా వండినా పోదు, ఒళ్లంతా దద్దురొస్తాది. నీడ చాటలో నెత్తళ్లు కూడా ఎవరికీ పెట్టకుండా పారెయ్యండి. చేప తినని ఇళ్ల పిల్లలుంటే పక్కనే పచ్చి మామిడి ముక్కలు ఏడు చాటల్లో పెట్టండి, ఒరుగులకి కూడా ఇదే లెక్క.